పేరు వేరు, అర వేరు

(జాతీయ గ్రంథాలయాధికారుల దినోత్సవం సందర్భంగా చేసిన ఎస్.ఆర్. రంగనాథన్ స్మారకోపన్యాసం)



రంగనాథన్ గారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకు పేర్లు పెట్టడం, వాటిని వర్గాలుగా అమర్చడం. పుస్తకాల మనిషిని తలుచుకోవలసిన రోజున కంప్యూటర్ల గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కాసేపు ఓపిక పడితే ఇది మన గొడవేనని మీరే అంటారు.

రంగనాథన్ గారు 1892లో తమిళదేశంలోని శీర్కాళిలో పుట్టారు. చదువు గణితం, ఉద్యోగం మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చెప్పడం. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి గ్రంథాలయాధికారి అయ్యారు. ఆ పని నేర్చుకోవడానికి లండన్ వెళ్లినప్పుడు అక్కడి సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో మెకానో అనే ఆట సామాను చూశారు. అవే రేకులు, అవే మరలు. బిగించే తీరు మారిస్తే ఒకసారి వంతెన, ఒకసారి బండి. పుస్తకాల విషయాలను కూడా ఇలా విడి భాగాల నుంచి కూర్చవచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టింది. 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలు, 1933లో కోలన్ వర్గీకరణ పుస్తకాలుగా వచ్చాయి. ఆయన కృషి ఫలితంగా వచ్చిన 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం అప్పట్లో ఆ రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాలకూ వర్తించింది. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్న తెలుగువారికి, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి వెంట ఊరూరా పఠనాలయాలు తెరిచినవారికి, ఆ చట్టం విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక విషయంలోకి వస్తాను.

ప్యాకేజీ అంటే ఏమిటి

లినక్స్ అన్నది నిజానికి ఒక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి మూల ప్రోగ్రాం) పేరు. దాని చుట్టూ వేల మంది వేర్వేరు చోట్ల రాసిన ప్రోగ్రాములను సేకరించి, ఒకదానితో ఒకటి సరిపడేలా చూసి, ఒకే చోట నుంచి అందించే ఏర్పాటును డిస్ట్రిబ్యూషన్ అంటారు. వాడుకలో డిస్ట్రో. అందులోని ఒక్కో అంశం ఒక ప్యాకేజీ. ప్రతి ప్యాకేజీకీ ఒక పేరు, ఒక వెర్షన్ సంఖ్య, ఒక వివరణ, తాను పనిచేయాలంటే ఇంకా ఏయే ప్యాకేజీలు కావాలో చెప్పే డిపెండెన్సీల జాబితా ఉంటాయి. దాన్ని చూసుకునే మనిషిని మెయింటెయినర్ అంటారు.

నా ఉదాహరణలు ఎక్కువగా డెబియన్ నుంచి తీసుకుంటాను. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి ప్రకటించిన ప్రాజెక్టు అది. ఏ కంపెనీ చేతిలోనూ లేదు, స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతారు. ఉబుంటు వంటివి దాని మీదే కట్టినవి. 1996లో వచ్చిన 1.1 విడుదలలో 474 ప్యాకేజీలు ఉండేవి. 2023లో వచ్చిన 12వ విడుదలలో 64,419. గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్న అయిదో సూత్రానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 474 పుస్తకాలున్న గదిలో ఏది ఎక్కడుందో గ్రంథాలయాధికారికి తలలోనే ఉంటుంది. అరవై వేలు దాటాక పేరు పెట్టడం ఒక పని, అర చూపించడం ఒక పని.

ఈ రంగంలో జరిగే వాదాలు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. ఒక హైఫన్ ఎక్కడుండాలి, ఒక ప్రోగ్రాం ఏ సెక్షన్లో ఉండాలి అన్నంతవరకే. కానీ ఏళ్ల తరబడి సాగుతాయి. ఎందుకని చూస్తే, అక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయి ఉంటాయి. ఇది ఏది? ఇది ఎలాంటిది? దీన్ని మనదిగా ఒప్పుకుంటామా? మొదటి ప్రశ్నకు జవాబు పేరు. రెండోదానికి వర్గం. మూడోదానికి హద్దు. ఈ మూడింటినీ విడదీయకపోతే ఏ వాదమూ తెగదన్నదే ఈ పూట నేను చెప్పదలచుకున్నది.

పేరు ఇచ్చిన మాట

డెబియన్ నియమావళి ప్రకారం ప్యాకేజీ పేరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, హైఫన్, చుక్క మాత్రమే ఉండాలి. కనీసం రెండు అక్షరాలు ఉండాలి, అక్షరంతోనో అంకెతోనో మొదలు కావాలి. రూపం గురించిన నియమం ఇంతే. అసలు బరువు పేరు చేసే పనిలో ఉంది. ఒక ప్యాకేజీ పేరు వందల ఇతర ప్యాకేజీల డిపెండెన్సీ జాబితాల్లో రాసి ఉంటుంది. సర్వర్లను సిద్ధం చేసే స్క్రిప్టుల్లో, పాఠ్యపుస్తకాల్లో, ల్యాబ్ మాన్యువళ్లలో రాసి ఉంటుంది. ఆ పేరుతో అడిగితే ఈ వస్తువు వస్తుందని డిస్ట్రో ఇచ్చిన మాట అది.

ఆ మాట తప్పితే ఏమవుతుందో 2011లో తెలిసింది. వీడియో, ఆడియో ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాజెక్టు ఆ ఏడాది చీలింది. విడిపోయినవారు తమదాన్ని లిబ్ఏవీ అన్నారు. డెబియన్ ఆ చీలిక వైపు మొగ్గింది. కానీ డెబియన్ వాడుకరి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని అడిగితే, ఆ పేరుతోనే లిబ్ఏవీ వారి ప్రోగ్రాం వచ్చేది. ఈ ప్రోగ్రాముకు కాలం చెల్లింది, ఇంకోటి వాడండి అన్న సందేశం తెర మీద కనిపించేది. కాలం చెల్లింది లిబ్ఏవీలో ఉన్న ఆ పాత కమాండుకు. చదివినవారు మాత్రం మూల ప్రాజెక్టే మూతపడిందనుకున్నారు. అది బతికే ఉంది, వేగంగా పెరుగుతోంది కూడా. 2015లో డెబియన్ తిరిగి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నే ఎంచుకుంది. ఇందులో ఏ పక్షం సాంకేతికంగా గొప్పదన్న చర్చ పక్కన పెడదాం. ఒక పేరు కింద ఇంకో వస్తువును ఉంచడమే ఇక్కడ జరిగిన నష్టం.

2024లో కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ నిర్వాహకం విషయంలోనూ ఇదే ప్రశ్న వేరే రూపంలో వచ్చింది. భద్రత కోసమని డెబియన్ మెయింటెయినర్ నెట్‌వర్క్ సౌకర్యాలు, బ్రౌజర్ అనుసంధానం తీసేసి ఆ పలుచని రూపానికి మామూలు పేరు ఉంచారు. అన్నీ ఉన్నదానికి 'ఫుల్' అన్న తోక తగిలించారు. అప్‌గ్రేడ్ చేసినవారికి నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయలేదు. మూల రచయితలు అభ్యంతరం చెప్పారు. సౌకర్యాలు తగ్గించడం తప్పా ఒప్పా అన్నది వాదించదగ్గ విషయమే. కానీ తోకలేని పేరు ఎవరిది? నిన్నటి నుంచి ఆ పేరును నమ్ముకున్నవారిదని నా అభిప్రాయం. తగ్గించినదానికి కొత్త తోక పెట్టడమే న్యాయం.

ఒక పేరు, ఇద్దరు హక్కుదారులు

లోకంలో మంచి పొట్టి పేర్లు కొన్నే. 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెర్నల్ పని కోసం, కోడ్ మార్పుల చరిత్ర భద్రపరిచే గిట్ రాయడం మొదలుపెట్టేసరికే డెబియన్‌లో గిట్ అన్న ప్యాకేజీ ఉంది. అది గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్, టెర్మినల్లో ఫైళ్లు చూసుకునే పాత సాధనం. అందుకని కొత్తదానికి గిట్-కోర్ అన్న పేరు ఇచ్చారు. ప్రపంచమంతా గిట్ వాడుతున్నా డెబియన్, ఉబుంటు వాడుకరులు ఏళ్ల పాటు గిట్-కోర్ అనే రాయాల్సి వచ్చింది. చివరికి పాత సాధనమే గ్నూఇట్ అన్న పేరు తీసుకుంది. ఆ ఖాళీ అయిన పేరు 2010లో కొత్తదానికి వచ్చింది. గిట్-కోర్ అన్న పేరును వెంటనే తుడిచేయలేదు. ట్రాన్సిషనల్ ప్యాకేజీ అంటారు, లోపల ఏమీ ఉండదు, కొత్త పేరును పిలిపించడమే దాని పని. పాత పేరు నమ్ముకున్న యంత్రాలు అప్‌గ్రేడ్‌లో దారి తప్పకుండా అది చూసుకుంటుంది. మన కేటలాగులో 'చూడుడు' కార్డు చేసే పని ఇదే.

క్రోమియం కథ కూడా అంతే. ఆ పేరుతో ముందు ఉన్నది అంతరిక్షంలో ఓడలు కాల్చే ఒక ఆట. గూగుల్ బ్రౌజర్ వచ్చాక దానికి మొదట క్రోమియం-బ్రౌజర్ అన్న పేరు ఇచ్చి, ఆటకు క్రోమియం-బీఎస్‌యూ అన్న పూర్తి పేరు పెట్టాక, అసలు పేరు బ్రౌజర్‌కు అప్పగించారు.

ఇవి సామరస్యంగా తెగినవి. అంత సులువుగా తెగనిది నోడ్. ఇక్కడ ప్యాకేజీ పేరుతో పాటు టెర్మినల్లో టైపు చేసే కమాండు పేరు కూడా వివాదంలోకి వచ్చింది. హామ్ రేడియో వాడేవారికి నోడ్ అన్న ప్రోగ్రాం ఎప్పటి నుంచో ఉంది. ఎక్కడో మనిషి చేరలేని చోట పెట్టిన రేడియో స్టేషన్లలో అది నడుస్తుంటుంది. పేరు మారి స్టేషన్ ఆగిపోతే వెళ్లి సరిచేయడం కష్టం. అటు జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ జేఎస్ వచ్చింది. దాని స్క్రిప్టులన్నీ మొదటి వరుసలోనే నోడ్ అన్న కమాండును పిలుస్తాయి. డెబియన్ నియమం కచ్చితమైనది: వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే పేరు పెట్టుకోకూడదు, ఇద్దరూ ఒప్పందానికి రాకపోతే ఇద్దరి పేర్లూ మార్చాలి. 2012లో విషయం సాంకేతిక సంఘం ముందుకు వెళ్లింది. నోడ్ జేఎస్ కమాండు నోడ్‌జేఎస్‌గా మారింది, పాత పేరు కావాలన్నవారికి ఒక చిన్న అదనపు ప్యాకేజీ పెట్టారు. రేడియో ప్రోగ్రాము కూడా ముందు ఏఎక్స్25 అన్న గుర్తు చేర్చుకుంది.

నియమం ప్రకారం తీర్పు సరైనదే. కానీ ఆ తర్వాత పాఠాలు చూసి నేర్చుకునే ప్రతి విద్యార్థీ డెబియన్ మీద, ఉబుంటు మీద నోడ్ అని టైపు చేసి, అలాంటి కమాండు లేదన్న జవాబు చూశాడు. 2017లో సంఘం తన పాత తీర్పును ఎత్తేసింది. రేడియో ప్రోగ్రాం ఎప్పుడో పేరు మార్చుకుంది, ఇక ఘర్షణ లేదు, నోడ్ జేఎస్ తన పేరు తాను వాడుకోవచ్చు. ముందు వచ్చినవాడిదే పేరు అన్న సూత్రమూ, ఎక్కువమంది వాడేవాడిదే పేరు అన్న సూత్రమూ రెండూ ఇందులో ఓడిపోయాయి. నిలిచింది వేరే లెక్క. పేరు మారితే ఖర్చు ఎవరి మీద పడుతుంది, ఆ ఖర్చు భరించడానికి వారికి ఎంత గడువు కావాలి అన్నదే ఆ లెక్క. రేడియోవారికి అయిదేళ్లు దొరికాయి.

ఈ నిదానం లేని చోట ఏమవుతుందో 2016 మార్చిలో ఎన్‌పీఎం చూపించింది. ఎన్‌పీఎం అంటే నోడ్ జేఎస్ లోకానికి ప్యాకేజీల నిలయం. అక్కడ ముందు ఎవరు నమోదు చేస్తే పేరు వారిది. కిక్ అన్న పేరు కోసం ఒక మెసేజింగ్ కంపెనీకీ, ఒక డెవలపర్‌కూ తగాదా వచ్చింది. నిర్వాహకులు పేరు కంపెనీకి ఇచ్చారు. ఆయన కోపంతో తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకున్నారు. అందులో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరుసల ముక్క ఉంది. దాన్ని నమ్ముకున్న ఎన్నో పెద్ద ప్రాజెక్టులు ఆ పూట బిల్డ్ కాక నిలిచిపోయాయి. డెబియన్‌లో అలా జరగదు. కొత్త పేరుతో వచ్చే ప్రతి ప్యాకేజీనీ ఆర్కైవ్ బాధ్యులు చేత్తో తెరిచి చూసి ఒప్పుకుంటేనే లోపలికి వస్తుంది. అది ఆలస్యమని విసుక్కునేవారున్నారు. గ్రంథాలయంలో యాక్సెషన్ రిజిస్టరు రాయడం కూడా ఆలస్యమే.

పేరు లోపల ఏముండాలి

పేరు కొంత సమాచారం మోయాలన్న కోరిక సహజం. డెబియన్‌లో పైథాన్ మాడ్యూళ్లన్నీ పైథాన్3 అన్న మాటతో మొదలవుతాయి, రూబీవి రూబీతో. పెర్ల్‌వి మాత్రం లిబ్‌తో మొదలై పెర్ల్‌తో ముగుస్తాయి. ఇంటిపేరు ముందు రాసే తెలుగువాళ్లూ, చివర రాసే ఉత్తరాదివాళ్లూ ఒకే ఓటర్ల జాబితాలో ఉన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఎవరి పద్ధతి వారికి సబబే, వెతికేవాడికే చిక్కు. దానికి తోడు పైథాన్ ప్యాకేజీ పేరు ప్రోగ్రాములో ఇంపోర్ట్ చేసే పేరును బట్టి ఉండాలని నియమం. అందుకే బ్యూటిఫుల్ సూప్ అన్న మాడ్యూల్ డెబియన్‌లో పైథాన్3-బీఎస్4 అయింది. పిల్లో అన్నది పైథాన్3-పిల్ అయింది. ప్రోగ్రాం రాసేవారికి ఇది సూటి. బయటి పేరుతో వెతికేవారికి కనిపించదు.

సి భాషలోని లైబ్రరీల సంగతి మరీ నిగూఢం. వాటి పేరు చివర ఒక సంఖ్య ఉంటుంది: లిబ్‌సి6, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3. అది అందం కోసం పెట్టింది కాదు. ఆ సంఖ్య మారిందంటే లోపలి అమరిక మారిందని, పాతదానికి కట్టిన ప్రోగ్రాం కొత్తదానితో నడవదని అర్థం. పేరు వేరైతే పాతదీ కొత్తదీ ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉండగలవు. ఈ పద్ధతికి ఈ మధ్య పెద్ద పరీక్ష ఎదురైంది. 32 బిట్ల కాలగణన 2038 జనవరి 19న, అంతర్జాతీయ కాలమానం ప్రకారం తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. ఆ గండం తప్పించడానికి 2024లో డెబియన్, ఉబుంటు కాలాన్ని 64 బిట్లలో రాసే పద్ధతికి మారాయి. మార్పు తగిలిన లైబ్రరీలన్నిటికీ టీ64 అన్న తోక చేర్చారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. చూడటానికి వికారమైన పేరే. కానీ పాత అమరికతో కట్టిన ప్రోగ్రాము తెలియక కొత్త లైబ్రరీని పిలిచి తప్పు తేదీలు రాయకుండా అడ్డం నిలిచేది ఆ వికారమే. పేరు అందంగా ఉండాలా, నిజం చెప్పాలా అన్నప్పుడు ఇక్కడ రెండోదాన్నే ఎంచుకున్నారు. మంచి పని చేశారు.

అన్ని సమాచారాలూ ఇలా మేలు చేయవు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌కు డెబియన్ దించుకోబోతే ఏఎండీ64 అన్న పేరు కనిపిస్తుంది. ఇది నా యంత్రానికి కాదేమోనని కొత్తవారు వెనక్కి తగ్గుతారు. ఆ 64 బిట్ల నిర్మాణాన్ని ముందు తయారుచేసింది ఏఎండీ కాబట్టి ఆ పేరు నిలిచింది, ఇంటెల్ యంత్రాలకూ అదే. చరిత్ర చెప్పే పేరు వాడుకరికి దారి చెప్పకపోవచ్చు.

మన భాషకు సంబంధించిన ఉదాహరణ ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. లోహిత్ తెలుగు ఫాంటు ప్యాకేజీ పేరు చివర టీ-ఈ-ఎల్-యూ అన్న నాలుగు అక్షరాలుంటాయి. ఫైర్‌ఫాక్స్ తెలుగు అనువాదం ప్యాకేజీ చివర, యాస్పెల్ తెలుగు నిఘంటువు చివర, టీ-ఈ అన్న రెండే అక్షరాలుంటాయి. తప్పు ఎవరిదీ కాదు. మొదటిది లిపికి ఇచ్చిన అంతర్జాతీయ సంకేతం, రెండోది భాషకు ఇచ్చిన సంకేతం. ఫాంటు లిపికి చెందుతుంది, నిఘంటువు భాషకు చెందుతుంది. నామకరణం నిర్దోషం. అయినా నా కంప్యూటర్లో తెలుగుకు కావలసినవన్నీ ఇవ్వు అని అడిగేవారికి ఆ రెండు పేర్లూ కలిసి ఒక్క జవాబుగా రావు. పేరును ఎంత బాగా పెట్టినా వర్గం చేయవలసిన పని అది చేయలేదు. ఇక్కడి నుంచి రెండో ప్రశ్న మొదలవుతుంది.

అరల తగాదా

డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ ఒక సెక్షన్ ఉంటుంది. ఒకటే ఉంటుంది. జాబితా చూస్తే మీలో వర్గీకరణ చదివినవారికి నవ్వొస్తుంది. ఆటలు, మెయిల్, గణితం, ధ్వని అన్నవి వాడుకను బట్టి చేసిన విభజన. పైథాన్, పెర్ల్, హాస్కెల్ అన్నవి రాసిన భాషను బట్టి. గ్నోమ్, కేడీఈ అన్నవి డెస్క్‌టాప్‌ను బట్టి. లైబ్రరీలు, ఫాంట్లు, పత్రాలు అన్నవి వస్తువు రూపాన్ని బట్టి. ఓల్డ్‌లిబ్స్ అన్నది వయసును బట్టి. ఒక అంచెలో ఒకే లక్షణాన్ని బట్టి విభజించాలన్నది వర్గీకరణలో మొదటి పాఠం. ఇక్కడ అయిదు లక్షణాలు ఒకే వరుసలో నిలబడి ఉన్నాయి. పైథాన్‌లో రాసిన, గ్నోమ్ కోసం చేసిన, పిల్లలకు లెక్కలు నేర్పే ఒక ఆట వస్తే ఎక్కడ పెడతారు? ఆటల్లోనా, విద్యలోనా, గ్నోమ్‌లోనా, గణితంలోనా? మెయింటెయినర్ ఏది రాస్తే అది. చివరి దిక్కుగా మిస్క్ అన్న సెక్షన్ ఎలాగూ ఉంది. ప్రతి గ్రంథాలయంలోనూ మూల మీద అలాంటి బీరువా ఒకటి ఉంటుంది.

2009లో డేటాబేస్, జావా, రూబీ, వీడియో, ఫాంట్లు వంటి కొత్త సెక్షన్లు ఎన్నో ఒకేసారి చేర్చారు. గదులు పెరిగాయి, తర్కం మారలేదు. కొత్త భాష ఒకటి పుట్టినప్పుడల్లా కొత్త సెక్షన్ కావాలన్న వాదం మళ్లీ మొదలవుతుంది.

మిగిలినవారు ఏం చేశారు? రెడ్ హ్యాట్ కుటుంబంలోని ఆర్పీఎం ప్యాకేజీల్లో గ్రూప్ అన్న ట్యాగు ఉండేది. అప్లికేషన్లు, దాని కింద ఇంటర్నెట్. అభివృద్ధి, దాని కింద భాషలు అన్నట్టు చెట్టు కొమ్మల్లా. అదే కుటుంబంలోని ఫెడోరా మార్గదర్శకాలు ఇప్పుడు ఆ ట్యాగు వాడవద్దంటాయి. ఏ సమూహంలో ఏది ఉండాలన్నది ప్యాకేజీ బయట, వేరే ఫైల్లో రాస్తారు. వర్గాన్ని వస్తువు మీద చెక్కకుండా వస్తువు పక్కన రాసుకోవడం మెరుగైన ఆలోచనే.

జెంటూ అనే డిస్ట్రో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. అక్కడ వర్గం పేరులో భాగం. పైథాన్ అసలు పూర్తి పేరు డెవ్-ల్యాంగ్ ఏటవాలు గీత పైథాన్. ఫైర్‌ఫాక్స్‌కు ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-క్లయింట్ ఉంటుంది. ఒకే పేరున్న రెండు ప్యాకేజీలు రెండు వర్గాల్లో హాయిగా ఉండవచ్చన్నది ఇందులోని లాభం. నష్టం పెద్దది. రేపు ఒక ప్యాకేజీ వర్గం తప్పని తేలితే, దాన్ని కదిపినప్పుడల్లా దాని మీద ఆధారపడ్డ ప్రతి ప్యాకేజీలోనూ పేరు మార్చాలి, వాడుకరుల యంత్రాలకు ఫలానాది ఫలానా చోటికి వెళ్లిందని చెప్పే ఫైలు ఒకటి నడపాలి. వర్గం గురించిన అభిప్రాయం మారడం మామూలు విషయం. ఆ మార్పు పేరును కదిలించకూడదు. అర మారితే పుస్తకం పేరు మారుతుందా?

వర్గం పేరుగా పనికొచ్చే చోటు ఒకటుంది, అది ఒప్పుకోవాలి. డెబియన్‌లో వర్చువల్ ప్యాకేజీలని ఉన్నాయి. మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్ అన్న పేరుతో ఏ వస్తువూ లేదు. ఎగ్జిమ్ ఆ పని చేస్తానంటుంది, పోస్ట్‌ఫిక్స్ చేస్తానంటుంది. ఉత్తరం పంపగల ఎవరైనా సరే నాకు చాలు అని అడిగే ప్రోగ్రాముకు ఆ పేరు చాలు. అది వర్గమే కానీ, ఏ సేవ అందాలో స్పష్టంగా రాసుకున్న వర్గం. అందరూ ఒప్పుకున్న అలాంటి పేర్ల జాబితా నియమావళిలో ఉంటుంది. ఇష్టం వచ్చినట్టు సృష్టించడానికి వీల్లేదు.

రంగనాథన్ గారి దారి

ఒక పుస్తకానికి అరలో ఒకే చోటు ఉండగలదు, దాని విషయానికి మాత్రం ఎన్నో వైపులుంటాయి అన్న చిక్కును రంగనాథన్ గారు విప్పిన తీరు మీకు తెలుసు. ముందే గీసిన చెట్టులో కొమ్మ వెతకడం మానేశారు. విషయాన్ని ఫాసెట్లుగా, అంటే పార్శ్వాలుగా విడదీశారు. వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలం అని అయిదు మూల పార్శ్వాలు చెప్పారు. ప్రతి పార్శ్వానికీ విడిగా జవాబు రాసి, వాటిని కలిపి సంకేతం కూర్చారు.

డెబియన్‌లో ఎన్రికో జినీ మొదలుపెట్టిన డెబ్‌ట్యాగ్స్ పని ఈ ఫాసెట్ పద్ధతి మీదే నిలబడింది. అందులో ప్యాకేజీని ఒక్క ప్రశ్న అడగరు. నీ పాత్ర ఏమిటి: ప్రోగ్రామా, లైబ్రరీయా, సమాచారమా? నీతో మనిషి మాట్లాడేది ఎలా: తెర మీదా, కమాండ్ లైన్లోనా? నిన్ను ఏ భాషలో రాశారు? నిన్ను దేనికి వాడతారు: సవరించడానికా, వెతకడానికా, మార్చడానికా? నువ్వు దేని మీద పనిచేస్తావు: బొమ్మలా, పాఠమా, ధ్వనా? నువ్వు ఏ విజ్ఞాన రంగానికి చెందుతావు? ఏ సంస్కృతికి, ఏ భాషా సమాజానికి పనికొస్తావు? ఒక్కో ప్రశ్నకు ఒకటో రెండో జవాబులు, వాటి సమాహారం ట్యాగులు. ఇందాకటి లెక్కల ఆట ఇక్కడ ఎవరితోనూ తగాదా పడదు. పాత్ర ప్రోగ్రాం, భాష పైథాన్, వాడుక నేర్చుకోవడం, రంగం గణితం. ఫాంటు, నిఘంటువు, అనువాదం వేర్వేరు పేర్లతో ఉన్నా సంస్కృతి అన్న పార్శ్వంలో ఒకే ట్యాగు కింద చేరగలవు. మరీ ముఖ్యంగా, ట్యాగు తప్పయితే మార్చవచ్చు. పేరు కదలదు, డిపెండెన్సీ తెగదు, ఎవరి సర్వరూ ఆగదు.

అయితే డెబ్‌ట్యాగ్స్ సెక్షన్లను తొలగించలేదు. రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. కారణం సాంకేతికం కాదు. సెక్షన్ ఒక్క మాట. మెయింటెయినర్ నిమిషంలో రాసేస్తాడు. ట్యాగులు వేయాలంటే ప్యాకేజీని చదవాలి, ఆలోచించాలి, వేల సార్లు ఆ పని చేయాలి. మంచి వర్గీకరణకు మంచి పథకం ఒక్కటీ చాలదని, దాన్ని ప్రతి పుస్తకానికీ ఓపిగ్గా వర్తింపజేసే మనిషి కావాలని ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పాలా?

హద్దు అన్న మూడో ప్రశ్న

డెబియన్ ఆర్కైవ్‌లో సెక్షన్లకు పైన ఇంకో విభజన ఉంది: మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ. 1997లో ఆమోదించిన సామాజిక ఒప్పందం ప్రకారం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిబంధనలకు నిలిచేదే మెయిన్‌లో ఉంటుంది, అదొక్కటే అసలు డెబియన్. ఇవి వర్గాల్లాగే కనిపిస్తాయి కానీ చెప్పేది వేరు. దీన్ని మేం సమర్థిస్తున్నామా లేదా అన్న నైతిక తీర్పు అది. ఒకప్పుడు నాన్-యూఎస్ అన్న విభాగం కూడా ఉండేది. గూఢలిపి సాఫ్ట్‌వేర్ ఎగుమతి మీద అమెరికాలో ఉన్న ఆంక్షల వల్ల ఆ ప్యాకేజీలను అమెరికా బయటి సర్వర్లలో ఉంచేవారు. ఆంక్షలు సడలాక 2002 నుంచి అవి మెయిన్‌లోకి వచ్చాయి. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు, చట్టం మారింది.

హద్దు ప్రశ్న పేరు మీదికి వచ్చిన సందర్భం ఫైర్‌ఫాక్స్. దాని కోడ్ స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కానీ లోగో బొమ్మ డెబియన్ నిబంధనలకు సరిపడలేదు. 2006లో దాని యజమాని మొజిల్లా, మా పేరు వాడాలంటే మా లోగోతో పాటు, మీరు చేసే మార్పులు మా అనుమతితో ఉండాలంది. డెబియన్ ఒప్పుకోక ఐస్‌వీజిల్ అన్న కొత్త పేరు పెట్టింది. థండర్‌బర్డ్ ఐస్‌డవ్ అయింది. పదేళ్ల తర్వాత 2016లో ఇరువర్గాలూ రాజీకి వచ్చి ఫైర్‌ఫాక్స్ తన పేరుతో తిరిగి వచ్చింది. ఆ పదేళ్లూ వాడుకరి ఇబ్బంది పడ్డమాట నిజమే. అయినా ఇది ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి తప్పు కాదు. అక్కడ అదే పేరు కింద వేరే వస్తువు ఉంచారు. ఇక్కడ హక్కు లేని పేరును వదిలి, కొత్త పేరు బహిరంగంగా ప్రకటించారు. మాట నిలుపుకోలేనప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవడం నిజాయితీ.

2022లో సభ్యుల ఓటుతో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అన్న నాలుగో విభాగం పుట్టింది. వైఫై చిప్పుల వంటివాటికి తయారీదారులు ఇచ్చే మూసిన కోడ్ అది. అది లేకపోతే చాలా ల్యాప్‌టాపుల్లో ఇన్‌స్టలేషన్ సమయంలో నెట్ రాదు. 2023 విడుదల నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లో దాన్ని చేర్చారు. సిద్ధాంతాన్ని వదులుకోలేదు, దాచలేదు. మినహాయింపుకు ఒక పేరున్న గది కట్టి, తలుపు మీద బోర్డు పెట్టారు. హద్దు గురించిన ప్రశ్నకు ఇంత శుభ్రమైన జవాబు ఇంకోటి నాకు కనిపించలేదు.

ముగింపు

క్లుప్తంగా చెబుతాను. పేరు ఒక్కటే ఉండాలి, నిలకడగా ఉండాలి, మార్చవలసి వస్తే ఖర్చు భరించేవారికి గడువు ఇచ్చి, పాత పేరు దగ్గర దారి చూపే గుర్తు ఉంచి మార్చాలి. వర్గాలు ఎన్నైనా ఉండవచ్చు, ఉండాలి, అవి పేరులోకి చొరబడకూడదు. హద్దు తీర్పును వర్గంలా దాచకుండా తీర్పుగానే బయటికి చెప్పాలి. ఏ తగాదాలోనైనా, అసలు మనం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామని ముందు అడిగితే సగం వాదం అక్కడే ఆగుతుంది.

విద్యార్థులకు ఒక విజ్ఞప్తి. ఈ పనులన్నీ ఇంతకాలం ప్రోగ్రామర్లే చేస్తూ వచ్చారు. వర్గీకరణ చదివినవారు అందులో అరుదు. డెబియన్‌లో ప్యాకేజీ వివరణలను వివిధ భాషల్లోకి అనువదించే ప్రాజెక్టు ఉంది. అందులో పాల్గొనడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఒక ప్యాకేజీ ఏమిటో, ఎవరికి పనికొస్తుందో నాలుగు వాక్యాల్లో మంచి తెలుగులో చెప్పగలిగితే చాలు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది రంగనాథన్ గారి నాలుగో సూత్రం. ఈ ఏడాది మీ విభాగంలో ప్రాజెక్టు విషయం వెతుక్కుంటున్నవారు విద్యకు, ఫాంట్లకు, భాషకు సంబంధించిన ప్యాకేజీలతో మొదలుపెట్టండి. వాటి వివరణలు తెలుగులో రాయండి, పార్శ్వాలు సరిచూడండి. ఈ స్మారకోపన్యాసానికి అంతకన్నా మంచి ఫలితం ఉండదు.